నిజాం నోట్లకు వివరపత్రాలు: గవర్నర్‌పేట దుకాణం సేవపై సమీక్ష

మధిర నుంచి వచ్చి విజయవాడలో స్థిరపడిన మా తాతగారి పెట్టెలో హైదరాబాదు ప్రభుత్వపు నోట్లు, శిస్తు రసీదులు దొరికాయి. వాటికి వివరపత్రాలు, అంటే ఒక్కొక్క కాగితం ఏమిటో, ఏ కాలానిదో రాసిన పత్రాలు తయారు చేయించడానికి గవర్నర్‌పేటలో పాత నాణేలు, నోట్లు అమ్మే ఒక దుకాణంలో ఇచ్చాను. 1948 సెప్టెంబరులో భారత సైన్యానికి లొంగిపోయిన ఆ నిజాం ప్రభుత్వపు కాగితాలు కృష్ణా తీరంలోని చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి కనుక, ఈ సేవ గురించి వివరంగా రాస్తున్నాను.

నోట్ల విషయంలో వారి పని ఎంతో మెచ్చుకోదగినది. ఒక్కొక్క నోటును రెండు వైపులా స్కాన్ చేసి, సీరియల్ నంబరు, వాటర్‌మార్క్, మడతలు, చిరుగులు, సంతకం విడివిడిగా నమోదు చేశారు. లామినేషన్ జోలికి పోకుండా పారదర్శకమైన పాలిస్టర్ తొడుగుల్లో భద్రపరిచారు. అన్నిటికంటే ముఖ్యం సంతకం. 1918లో మొదలైన ఉస్మానియా సిక్కా (నిజాం రాజ్యపు సొంత డబ్బు, దీన్నే హాలీ అనేవారు) నోట్ల మీద ఆర్థిక శాఖ చూసేవారు మారినప్పుడల్లా సంతకం మారేది కాబట్టి, నోటు ఏ కాలానిదో దానిని బట్టే తేలుతుంది. మా నోట్లలో ఒకదానిపై గులాం మహమ్మద్ సంతకం ఉంది. ఆయనే 1951లో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. మరొకదానిపై ఉన్నది 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలోని ఆర్థిక మంత్రి డాక్టర్ మేల్కోటే సంతకం. అంటే నిజాం ప్రభుత్వం పోయినా, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన దాని డబ్బు కొన్నేళ్లు చెలామణీ అయిందన్నమాట. ఈ సంగతిని వివరపత్రంలో స్పష్టంగా రాయడం నాకు బాగా నచ్చింది.

రసీదుల దగ్గర మాత్రం అంత శ్రద్ధ కనిపించలేదు. 1357 ఫసలీ (శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం), మెహర్ నెల నాటి రసీదును వారు 1947 ఆగస్టుగా నమోదు చేశారు. మన ఆంధ్ర ప్రాంతపు జమాబందీ (శిస్తు) లెక్కలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. నిజాం రాజ్యంలో అది ఆజుర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది; మెహర్ అందులో పదకొండో నెల. కాబట్టి ఆ రసీదు 1948 ఆగస్టు నాటిది, లొంగుబాటుకు నెల ముందుది. ఇటువంటి తేడా చిన్నది కాదు. నిజాం ప్రభుత్వం నుంచి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకుకు చేరిన 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు ఎవరివన్న భారత్, పాకిస్తాన్, నిజాం వారసుల వివాదంలో, ఆ సెప్టెంబరులో ఏ తేదీన ఏం జరిగిందన్నది 2019లో తీర్పు వెలువడేదాకా చర్చలోనే ఉంది.

చెప్పగానే తేదీని సరిదిద్ది, కొత్త ప్రతిని ఉచితంగా ఇచ్చారు. నోట్లను నిస్సంకోచంగా వారికి అప్పగించవచ్చు. రసీదులు, బాండ్లు ఇచ్చేవారు మాత్రం మూలంలోని ఫసలీ నెలను, సంవత్సరాన్ని యథాతథంగా కూడా రాయమని ముందే అడగాలి.