19 రోజుల పాపకు జ్వరం: ఒక పిల్లల ఆసుపత్రి అత్యవసర విభాగంపై సమీక్ష

మా పాపకు 19 రోజుల వయసులో ఒక సాయంత్రం ఒళ్ళు వెచ్చగా తగిలింది. దగ్గు, జలుబు, విరేచనాలు ఏవీ లేవు, పాలు కూడా దాదాపు ఎప్పటిలాగే తాగింది. కప్పిన దుప్పటి తీసేసి, కాసేపు ఆగి, చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తే 100.6 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది. ఆ రాత్రి మేము వెళ్ళిన పిల్లల ఆసుపత్రి పేరు చెప్పను కానీ, అక్కడి అత్యవసర విభాగం పనితీరు గురించి మంచీ చెడూ రెండూ రాస్తాను.

ముందు చెడు. పాప వయసూ జ్వరమూ రెండూ చెప్పినా కౌంటరులో మమ్మల్ని మామూలు వరుసలోనే కూర్చోబెట్టారు. నర్సు వచ్చి చూసేసరికి 40 నిమిషాలు గడిచాయి. నెల నిండని బిడ్డకు 100.4, అంటే 38 డిగ్రీల సెల్సియస్, వచ్చిందంటే ఆలస్యం చేయకూడదని తర్వాత అదే విభాగంలోని డాక్టరుగారే చెప్పారు. లోపలివాళ్ళకు తెలిసిన సంగతి గుమ్మం దగ్గర కూర్చున్నవారికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

లోపలికి వెళ్ళాక మాత్రం తీరే వేరు. మలద్వారంలో కొలిస్తే 101.3 వచ్చింది. "పాప బాగానే ఉంది కదండీ, పారాసిటమాల్ చుక్కలు వేసి పొద్దున చూడకూడదా?" అని అడిగింది నేనే. డాక్టరుగారు విసుక్కోకుండా, ఈ వయసు పిల్లల్లో రక్తానికో మెదడు పొరలకో ఇన్‌ఫెక్షన్ సోకినా మొదటి గంటల్లో పైకి ఏమీ కనిపించకపోవచ్చనీ, అందుకే 21 రోజుల లోపు పిల్లలకు బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా రక్తం, మూత్రం, వెన్ను నీరు మూడూ పరీక్షించి, ఫలితాల కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతామనీ వివరించారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. 22 నుంచి 28 రోజులు, 29 నుంచి 60 రోజులు అని వయసు పెరిగేకొద్దీ ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందేమో సూచించే సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ వంటి రక్త పరీక్షలను బట్టి మిగతా పరీక్షల్లో, చికిత్సలో కొన్నిటిని తగ్గించే వీలుంటుంది. మా పాపకు ఆ వెసులుబాటు లేదు.

మూత్రం కోసం జూనియర్ ఒకరు ప్లాస్టిక్ సంచి అంటించబోతే డాక్టరుగారు ఆపించారు. చర్మం మీది క్రిములు అందులో కలిస్తే కల్చర్‌ను, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షను, నమ్మలేమని సన్నటి గొట్టంతో తీయించారు. పాప తల మీది జుట్టు పాయలు పాయలుగా విడదీసి నీటి పొక్కులున్నాయేమో వెతికారు, అలాంటి పొక్కులు తెచ్చే, తల్లి నుంచి బిడ్డకు సోకగల హెర్పిస్ వైరస్ గురించి నన్నూ మొహమాటం లేకుండా అడిగారు. వెన్ను నీరు తీసేటప్పుడు నర్సు పాపను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపుకు ఆనేలా ముడిచి, కదలకుండా పట్టుకున్నారు. గడ్డం ఛాతీకి మరీ నొక్కుకుంటే ఊపిరి ఆడదని మరొకరు ముఖం వైపే చూస్తూ నిలబడ్డారు. నాలుగు చుక్కలు బొట్టు బొట్టుగా సీసాలో పడ్డాయి, మంచినీళ్ళలా తేటగా. ఆ తేటదనం చూసి ఊరట పడబోయాను గానీ, కంటికి తేటగా ఉన్నంత మాత్రాన చాలదనీ, కణాలు లెక్కపెట్టాలనీ డాక్టరుగారు చెప్పారు.

ఆంపిసిలిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఆ రాత్రే నరంలోకి ఎక్కించారు. మర్నాడు మూత్రం కల్చర్‌లో ఈ. కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. ఈ వయసు జ్వరాల్లో ఎక్కువగా దొరికే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ మూత్రానిదేనట. రక్తంలోనూ వెన్ను నీటిలోనూ ఏమీ పెరగలేదు. మూత్రపిండాలకు స్కానింగ్ కూడా చేశారు, బాగున్నాయి.

వార్డులో తల్లి పడుకోవడానికి ఇచ్చినది కుర్చీయే, అది పెద్ద ఫిర్యాదు కాదు. డిశ్చార్జి కాగితం మీదే నాకు అభ్యంతరం. మందుల పేర్లు, మోతాదులు స్పష్టంగా అచ్చువేసి ఉన్నాయి కానీ, మళ్ళీ ఎంత జ్వరం వస్తే రావాలో ఎక్కడా లేదు. అడిగితే నర్సు పెన్ను తీసి కాగితం అంచున 100.4 అని రాసి, దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. వైద్యానికి అయిదుకు అయిదు ఇస్తాను, కౌంటరుకు ఒకటి.