నొటోరియస్ బ్లూ-రే: ప్రేమ, సస్పెన్స్ రెండూ కావాలంటే కొనేయండి

ఎంవీపీ కాలనీకి డెలివరీ, ప్యాకింగ్ బానే ఉంది. సినిమా మాత్రం హిచ్‌కాక్ 1946లో తీసిన బ్లాక్ అండ్ వైట్, ఇప్పటికీ గుండె దడదడలాడిస్తుంది. పార్టీ సీన్‌లో కెమెరా పైనుంచి మెల్లగా దిగుతూ దిగుతూ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లో ఉన్న సెల్లార్ (ఇంటి కింద వైన్ దాచే గది) తాళంచెవి దగ్గరికొచ్చి ఆగుతుంది చూడండి, అబ్బా! అక్కడ షాంపేన్ సీసాలు అయిపోతుంటే సెల్లార్‌కి ఎవరొచ్చేస్తారోనని మనకి టెన్షన్, ఇంకోపక్క ప్రేమించినవాడే ఆమెని శత్రువు ఇంటికి గూఢచారిగా వెళ్లకుండా ఆపలేదే అన్న బాధ, ఈ రెండూ విడదీయలేనట్టు అల్లేశారు కాబట్టే ఇలాంటి సినిమాలు పాతబడవు. హీరో క్యారీ గ్రాంట్ ప్రేమని లోపలే దాచుకోవడం నాకు భలే నచ్చింది. మా అమ్మకి ఇంగ్లీష్ రాదు, అయినా "దాచెయ్ తల్లీ, దాచెయ్" అంటూ కూర్చుంది. పిక్చర్ క్లియర్‌గా ఉంది, తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే ఇంకా బావుండేది. రేటు కాస్త ఎక్కువే, అయినా కొనొచ్చు.