380 ఏసీపీకి రీలోడింగ్ గిట్టుబాటవుతుందా? లీ క్లాసిక్ టరెట్ ప్రెస్ మీద నా మాట

టెక్సస్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. రీలోడింగ్ అంటే కాల్చేసిన ఖాళీ కేసుల్ని (తూటా ఇత్తడి గొట్టాల్ని) మళ్లీ నింపి ఇంట్లోనే తూటాలు చేసుకోవడం. 380 ఏసీపీ అనేది ఒక చిన్న పిస్టల్ తూటా. 9 ఎంఎం ఒక్కటే కాల్చేవాళ్లు దీని జోలికి పోకండి. ఫ్యాక్టరీ తూటాలే చవక, మిగిలేది చిల్లర. 380 ఏసీపీ అయితే గిట్టుతుంది. చిన్నదైనా కొట్లో దాని ధర 9 ఎంఎం కంటే ఎక్కువే మరి. పౌడర్ (తూటాలో పోసే మందు) ఒక్కో తూటాకి సుమారు 3 గ్రెయిన్లే. పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే ఒక డబ్బా రెండు వేల పైచిలుకు తూటాలకి వస్తుంది. అసలు ఖర్చు ప్రైమర్లదీ (పౌడర్‌ని అంటించే చిన్న మూతలు), బుల్లెట్లదీ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే లోహపు ముక్కలు). పైగా మీ సాయంత్రాలకి కూడా వెల కడితే లాభం కనిపించదు, ఈ పని ఇష్టమైతేనే కొనండి.

తూటాలు నింపే యంత్రం, ఈ లీ ప్రెస్ గట్టిది. నాలుగుసార్లు పిడి లాగితే ఒక తూటా. కేసుని సరైన కొలతకి నొక్కే డైలు (అచ్చులు) కార్బైడ్‌వి కాబట్టి కేసులకి లూబ్ (జారుడు నూనె) పూయక్కర్లేదు. ఇంత చిన్న కేసు మీద బుల్లెట్ నిలబెట్టడమే లావు వేళ్లకి చిరాకు. ఖాళీ కేసులు గడ్డిలో పడితే ఇక దొరకవు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా. కేసులో పౌడర్ రెండుసార్లు పడితే పిస్టల్ పగిలి చెయ్యి పోవచ్చు. టీవీ ఆపేయండి. ప్రతి కేసులోకీ లైటు వేసి చూశాకే బుల్లెట్ పెట్టండి. పౌడర్ కొలత రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠం నుంచే మొదలుపెట్టండి.