కార్తీక పౌర్ణమికి కాళేశ్వరం: ఒక రాత్రి అక్కడే ఉండండి

హన్మకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం దాదాపు 120 కి.మీ. చాలామంది పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరుగుముఖం పడతారు. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం అలా రావద్దని గట్టిగా చెప్తాను. అక్కడి అందమంతా పొద్దుగూకినంకనే.

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు కాళేశ్వరుడికి, అంటే యముడికి, ఆ తర్వాత ముక్తేశ్వరుడికి పూజ. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని నమ్మకం. పౌర్ణమి నాడు అభిషేకానికి రద్దీ విపరీతం. తెల్లవారకముందే లైన్లో నిలబడితేనే నయం.

నది గుడిని ఆనుకుని లేదు, ఘాట్‌కి ఆటోలు తిరుగుతాయి. గోదావరి, ప్రాణహిత కలిసేది ఇక్కడే, అంతర్వాహినిగా సరస్వతి ఉందంటారు. 2025 మేలో సరస్వతి పుష్కరాలు జరిగిందీ ఇక్కడే. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరొంచ.

అత్తమ్మ 365 ఒత్తుల కట్టని ముందురోజు రాత్రే ఆవునెయ్యిలో నానబెట్టి తెచ్చింది. ఏడాదిలో ఏ రోజు దీపం తప్పినా ఈ ఒక్కటి పూడుస్తుందని ఆమె నమ్మకం. ఒడ్డున గాలికి ఎంతకీ అంటుకోలేదు. పక్కన దొప్పలు అమ్ముతున్నామె చూసి, "గాలి ఎక్కువుందమ్మా, నడుమ కర్పూరం పెట్టి ముట్టియ్యి" అంది. అట్లనే చేస్తే భగ్గున లేచింది. ఆ మంట వెలుగులో అత్తమ్మ ముఖం చూశాక, ప్రయాణం బడలిక నాకు గుర్తు రాలేదు. తర్వాత అరటి దొప్పల్లో దీపాలు వదిలాం. కొన్ని ఒడ్డునే తిరిగి ఆగిపోతే, పిల్లలు నీళ్లను చేత్తో నెట్టి వాటిని ప్రవాహంలోకి పంపారు. థర్మకోల్ పళ్లేలు కూడా అమ్ముతున్నారు. దయచేసి కొనకండి, తెల్లారి అవన్నీ మెట్ల దగ్గరే పేరుకుని కనిపించాయి.

బసే ఇబ్బంది. దేవస్థానం గదులు తక్కువ, పండక్కి ముందే నిండిపోతాయి. మాకు దొరికిన ఒక ప్రైవేటు గదికి ఫోన్‌లో చెప్పిన అద్దె ఒకటి, తీరా దిగాక అడిగింది ఇంకొకటి. పైగా వేడినీళ్లు లేవు. డబ్బుల సంగతి ముందే మెసేజ్‌లో రాయించుకోండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదుల దగ్గర వెలుతురు చాలదు, ఆ ఒక్కటైనా సరిచేయాలి. టిఫిన్ మాత్రం బండ్ల దగ్గర వేడివేడిగా, న్యాయమైన ధరకే దొరికింది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు నా ఓటు ధర్మపురికి. లక్ష్మీనరసింహస్వామి గుడి, యమధర్మరాజు గుడి, గోదావరి అన్నీ దగ్గరదగ్గరే. జగిత్యాల నుంచి బస్సులకు కొదవలేదు, ఊరు కూడా పెద్దదే. కానీ రెండు నదులు కలిసేచోట, అంత విశాలమైన నీటి మీద దీపాలు సాగిపోవడం చూడాలంటే కాళేశ్వరమే.

ఉసిరికాయలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. పైభాగం గుండ్రంగా తీసి నెయ్యి ఒత్తి పెడితే సరిపోతుంది. ఘాట్ దగ్గర సాయంత్రానికి మిగిలేవి వాడిపోయినవే.