డబ్బా మాంసం: కోడి కూరలా కాదు, ఎండు చేపలా వండాలి

కువైట్ నుంచో మస్కట్ నుంచో మనవాళ్ళు వచ్చినప్పుడు రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఇళ్ళలో పాలపొడి, ఖర్జూరాల పక్కన చికెన్ లంచన్ మీట్ (కోడి మాంసాన్ని రుబ్బి, దిమ్మగా ఉడికించింది) డబ్బాలు ఒకటి రెండు దిగుతాయి. ఖర్జూరాలు ఇట్టే అయిపోతాయి. డబ్బాలు మాత్రం గూట్లో నెలల తరబడి కూర్చుంటాయి. చివరికి ఎవరో ఒకరు తీసి అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ఎప్పటిలా ఉప్పు వేసి కోడి కూర వండినట్టే వండేస్తారు. ముక్క చెదిరిపోతుంది, పులుసు గంజిలా అవుతుంది, ఉప్పు నోట్లో పెట్టనివ్వదు. ఆ పూటతో డబ్బా మాంసానికి చెడ్డపేరు.

నిజానికి దీన్ని ఎండు చేప, ఎండు రొయ్యలతో కలిపి లెక్కేయాలి. కొంచెం వేస్తే చాలు, ఉప్పు తనే తెస్తుంది, చప్పటి కూరగాయకి రుచి ఎక్కిస్తుంది. అలా వాడితే మన వంటింట్లో చక్కగా ఇమిడిపోతుంది. హవాయి, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఇది మామూలు ఇంటి తిండి. ముగ్గురూ మనలాగే అన్నం తినేవాళ్ళే. కొరియాలో అయితే పండక్కి డబ్బాలు పెట్టెలో సర్ది చుట్టాలకి కానుకగా ఇస్తారు. హవాయిలో అన్నం ముద్ద మీద వేయించిన ముక్క పెట్టి, సముద్రపు నాచు ఆకుతో చుట్టి చేతికిస్తారు.

ముందు ఏది కొనాలో చూద్దాం. బీఫ్ డబ్బాల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. బీఫ్ ఏ రూపంలో ఉన్నా మన దేశంలోకి దిగుమతి నిషేధం, కాబట్టి గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళని అడగనే అడగకండి. మిగతా మాంసం డబ్బాలైనా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకి చెప్పాల్సిన సరుకే. ఇక దొరికేవి మూడు రకాలు: 1937 నుంచి అమెరికాలో తయారవుతున్న పంది మాంసం స్పామ్, జ్వాన్ లాంటి పేర్లతో గల్ఫ్‌లో అమ్ముడయ్యే చికెన్ లంచన్ మీట్, ఉప్పునీళ్ళలో వేసిన చికెన్ తునకలు. టిన్‌లో వచ్చే బుల్లి సాసేజ్‌లు కూడా ఉన్నాయి. మెత్తగా, చప్పగా, పీచన్నదే లేకుండా ఉంటాయి. పిల్లలు ముచ్చటపడతారు తప్ప డబ్బు దండగ.

చికెన్ లంచన్ మీట్ కొనేటప్పుడు డబ్బా వెనక దినుసుల వరస చదవండి. బరువులో ఏది ఎక్కువో అదే ముందు రాస్తారు. మొదటి మాట ఉత్త ‘చికెన్’ అయితే ముక్క కొరకడానికి బాగుంటుంది. ‘మెకానికల్లీ డీబోన్డ్ చికెన్’ అని ఉంటే, ఎముకకి అంటుకున్న మాంసాన్ని యంత్రంతో నొక్కి తీసిన ముద్ద అన్నమాట. తినకూడనిదేం కాదు గానీ మెత్తగా ఉంటుంది, వేపుడుకి తప్ప దేనికీ నిలవదు. రెండోదో మూడోదో పిండిపదార్థం అయితే పెనానికి అంటుకుంటుందని ముందే తెలుసుకోండి. స్పామ్‌లో దినుసులు ఆరే: పంది మాంసం, ఉప్పు, నీళ్ళు, బంగాళాదుంప పిండి, పంచదార, సోడియం నైట్రైట్ (మాంసం చెడకుండా వేసే రసాయనం). రుచిలో అన్నిటికంటే అదే మెరుగు, నిస్సందేహంగా. పంది తినని ఇల్లయితే చికెన్‌తో సరిపెట్టుకోవాలి. ఖరీదుకి వస్తే కిలో లెక్కన ఏ డబ్బా అయినా బజారు కోడి కంటే బాగా ఎక్కువే. కోడికి బదులు కొనేవాళ్ళకి గిట్టదు.

ఉప్పు లెక్క తెలియకుండా పొయ్యి వెలిగించకండి. స్పామ్ లేబుల్ ప్రకారం 56 గ్రాముల ముక్కలో 180 కేలరీలు, 16 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల మాంసకృత్తులు, 790 మిల్లీగ్రాముల సోడియం ఉన్నాయి. ఆ సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. 340 గ్రాముల డబ్బా మొత్తం మీద దాదాపు 12 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దంటోంది. ఒక డబ్బాలో ఇద్దరి రోజువారీ ఉప్పు దాటిపోయింది, ఆవకాయ ఇంకా వడ్డించనే లేదు. మాంసకృత్తులు చూస్తే ఆ ముక్క ఒక కోడిగుడ్డుకి సమానం, కేలరీలు మాత్రం రెండింతలకి పైనే. అందుకే మనిషికి 40 గ్రాములు, వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. నిల్వ చేసిన మాంసాలు రోజుకి 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. రక్తపోటు ఉన్నవాళ్ళ కంచంలో అసలు వేయకండి.

డబ్బా తెరవడంలోనే సగం మంది ముక్కని పాడుచేస్తారు. మాంసాన్ని డబ్బాలోనే మూసి ఉడికిస్తారు కాబట్టి అది గోడలకి అతుక్కుని ఉంటుంది. మూత తీశాక డబ్బా అడుగుభాగాన్ని వేడినీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టండి. చుట్టూ ఉన్న కొవ్వు, జెల్లీ కరుగుతాయి. సన్నటి చాకు గోడ వెంట ఒకసారి తిప్పి, కంచం మీద బోర్లించి అడుగున తడితే దిమ్మ మొత్తం ఊడి వస్తుంది. ఆ జెల్లీ చూసి పాడైందనుకుని పారబోసేవాళ్ళున్నారు. మాంసం ఉడికేటప్పుడు ఊరిన రసం చల్లారి గడ్డకట్టింది, అంతే. దాన్నీ మూకుట్లో వేసేయొచ్చు, కానీ అందులోనూ ఉప్పుంది.

దిమ్మని ఫ్రిజ్‌లో అరగంట ఉంచి కోస్తే అంచులు చెదరవు. వేపుడుకి వేలిమందంలో సగం, కూరకి వేలిమందం ముక్కలు. ఉప్పు తగ్గించాలంటే కోసిన ముక్కల్ని మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, నీళ్ళు వంచేసి, గుడ్డ మీద ఆరబెట్టండి. పైపై ఉప్పు పోతుంది, లోపలిది పోదు. తడి ఆరకుండా పెనం మీద వేస్తే వేగదు, ఉడుకుతుంది.

వేయించడంలో మెళకువ ఒకటే. పెనం ముందు బాగా కాలాలి, తర్వాత మంట మధ్యస్థంగా పెట్టాలి. స్పామ్‌కి నూనె అక్కర్లేదు, దాని కొవ్వు దానికి చాలు. చికెన్ రకానికి ఒక చెంచా నూనె కావాలి. ముక్క వేశాక కదపకండి. మొదట అంటుకుంటుంది, మూడు నాలుగు నిమిషాలకి అంచు ఎర్రబడగానే తనంతట తనే విడుతుంది. అప్పుడు అట్లకాడ కింద దూర్చి తిప్పండి. ముందే గీకితే ఎర్రగా వేగిన పొర పెనానికి ఉండిపోయి, మెత్తటి పిండి ముక్క మన చేతికి వస్తుంది. నల్లగా మాడ్చకండి. నైట్రైట్ వేసిన మాంసం మాడితే ఒంటికి మంచివి కాని పదార్థాలు పుడతాయి, రుచీ చేదెక్కుతుంది. ఈ ముక్కలకి సరైన జోడీ ఉప్పు సగమే వేసిన ముద్దపప్పు, నెయ్యి. పొద్దున చద్దన్నంలో అయితే పెరుగు, ఉల్లిపాయ, రెండు ముక్కలు. అన్నంలో ఉప్పు కలపొద్దు.

అన్నిటికన్నా బాగా కుదిరేది దోసకాయతో. ఎండు రొయ్యలు వేసి వండే పద్ధతే ఇది, రొయ్యల బదులు డబ్బా ముక్కలు. అరకిలో దోసకాయకి సగం డబ్బా, అంటే 170 గ్రాములు చాలు, నలుగురికి వస్తుంది. దోసకాయ కోసేముందు కొన చిదిపి చేదు చూడండి. చెక్కు, గింజలు తీసి ముక్కలు కోయండి. మూకుట్లో చెంచా నూనె వేసి డబ్బా ముక్కల్ని రెండు వైపులా ఎర్రగా వేయించి తీసి పక్కన పెట్టండి. అదే నూనెలో రెండు ఉల్లిపాయలు, నాలుగు చీలిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు మగ్గాక పావు చెంచా పసుపు, చెంచా కారం, ఆపైన దోసకాయ. మూత పెడితే దోసకాయ నీరు వదులుతుంది, వేరే నీళ్ళు అక్కర్లేదు. పది పన్నెండు నిమిషాలకి ముక్క మెత్తబడుతుంది. అప్పుడు డబ్బా ముక్కలు కలిపి, ఒక్క ఉడుకు రానిచ్చి దించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ముక్కలోని ఉప్పు దోసకాయలోకి దిగేది ఈ పది నిమిషాల్లోనే. రుచి చూశాకే ఉప్పు సంగతి. చాలాసార్లు వేసే పనే ఉండదు. ఆనపకాయతో, వంకాయతో కూడా ఇదే వరస. గోంగూరతో కాస్త జాగ్రత్త: పులుపు, ఉప్పు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి, కాబట్టి పెద్ద కట్ట ఆకుకి 100 గ్రాములు దాటొద్దు.

చింతపండు పులుసు, దమ్ బిర్యానీ జోలికి మాత్రం పోకండి. మామూలు మాంసం ఉడికేకొద్దీ మెత్తబడి మసాలా పడుతుంది. దీన్ని ఫ్యాక్టరీలోనే బాగా ఉడికించేశారు. ఇంకా ఉడికిస్తే అందులోని పిండి పులుసులోకి కరుగుతుంది, మసాలా మాత్రం లోపలికి పోదు. దమ్‌లో అడుగున పడిన ముక్క ముద్దయి అన్నానికి అతుక్కుంటుంది.

ఉప్పునీళ్ళలో వచ్చే చికెన్ తునకలది ఇంకో దారి. వీటికి పీచు ఉంటుంది కాబట్టి సొరచేపతో పుట్టు చేసినట్టు, పొడిపొడిగా చేయండి. నీళ్ళన్నీ వంచేసి, గుప్పెట్లో పెట్టి గట్టిగా పిండి, వేళ్ళతో విడదీయండి. సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద బాగా వేగాక పీచు వేసి, సన్నమంట మీద తడి పూర్తిగా పోయేదాకా గరిటెతో కదుపుతూనే ఉండాలి. పిండకుండా వేస్తే పుట్టు విడివిడిగా రాదు, ఉండలు కడుతుంది. దించేముందు కొత్తిమీర. ట్యూనా డబ్బా కూడా ఇలాగే చేయొచ్చు. నూనెలో వచ్చే ట్యూనా అయితే ఆ నూనెతోనే తాలింపు వేసేయండి.

నిల్వ దగ్గర మన ప్రాంతానికి రెండు చిక్కులున్నాయి. ఒకటి ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళలో ఇనుప వస్తువు ఏదీ నిలవదు. డబ్బాకి ముందు తుప్పు పట్టేది అంచు మడత దగ్గర, గాలి చొరబడకుండా ఆపేదీ ఆ మడతే. గుడ్డతో తుడిస్తే పోయే తుప్పు పర్వాలేదు. గోరుతో గీస్తే పొర లేస్తే పారేయండి. మడత మీద సొట్ట పడినా అంతే. రెండోది వేడి. రేకుల ఇంట్లో అటక మీద పెడితే ఎండాకాలం డబ్బా కాలిపోతుంది. ఉడికినా చావకుండా మిగిలే కొన్ని రకాల సూక్ష్మజీవులు అంత వేడికే మేలుకుంటాయి. డబ్బా ఉబ్బకుండానే లోపల పులిసిపోతుంది. కింది గూట్లో, పొయ్యికి దూరంగా పెట్టాలి. ఉబ్బిన డబ్బాని, తెరవగానే చిమ్మిన డబ్బాని రుచి చూసి తేల్చుకుందామనుకోకండి. చెడిన డబ్బాలో సూక్ష్మజీవులు పుట్టించే బొట్యులిజం విషానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు.

లంక ఊళ్ళవాళ్ళు వరద రోజులకి దాచుకోవడానికి ఇది మంచి సరుకే. 2022 జూలై వరద లాంటిది వస్తే కరెంటు, బజారు రెండూ ఉండవు. వండకుండా, చల్లగానే తినొచ్చు. అయితే ఈ డబ్బాలన్నిటికీ దాదాపు రింగు మూతే. వరద నీళ్ళలో మునిగిన రింగు మూత డబ్బాని, పైకి ఎంత శుభ్రంగా కనిపించినా, వాడకూడదు. మూత గీత వెంట మురికి చేరే వీలుంది. రింగు లేని, ఓపెనర్‌తో కోసే డబ్బా అయితే కాగితం ఊడదీసి, కడిగి, రెండు నిమిషాలు నీళ్ళలో మరిగించి వాడుకోవచ్చు. అందుకని రింగు డబ్బాల్ని బియ్యం బస్తాలకంటే పైన, మంచె మీదకి చేర్చండి.

తెరిచాక మిగిలింది డబ్బాలోనే వదిలేయకుండా స్టీలు గిన్నెలోకి మార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. కోసిన ముఖం ఎండి నల్లబడితే ఆ పొర చెక్కేస్తే చాలు. ఫ్రిజ్ లేకపోతే మన ఎండలకి గంట దాటి బయట ఉంచొద్దు. కాబట్టి కరెంటు నమ్మకం లేని ఊళ్ళో 200 గ్రాముల డబ్బాయే కొనండి, ఒక పూటకి ముగుస్తుంది. ఫ్రిజ్ ఉన్న నలుగురి ఇంటికి 340 సరిపోతుంది: సగం దోసకాయలోకి, మిగతా సగం ఫ్రిజ్‌లోకి, మూడో రోజు ముద్దపప్పు పక్కన వేపుడు.