నలభై పేటెంట్లున్నాయని షేరు అంటగడుతున్నారు, చూసి కొనండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాని) షేర్ల బ్రోకర్లది ఒకటే పాట: "నలభై పేటెంట్లండీ, పెద్ద ఫోన్ కంపెనీ వీళ్ల కస్టమర్." ఈ మాట మీద కొన్నవాళ్లకి ఇప్పుడు అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. డబ్బు పంపేముందు ఒక గంట కూర్చోండి.

ముందు ఆ నలభై సంగతి తేల్చండి. పేటెంట్ ఆఫీసు వెతుకుడు సైటు ఇన్‌పాస్‌లో అప్లికెంట్ దగ్గర కంపెనీ పేరు కొట్టండి. నంబరు 202041తో మొదలైతే 2020లో చెన్నై ఆఫీసులో వేసిన మామూలు దరఖాస్తు అని అర్థం. బెంగళూరు కంపెనీలవీ గిండీలోని ఆ ఆఫీసుకే వెళ్తాయి. 'పబ్లిష్డ్' అని కనబడితే సంబరపడొద్దు, వేసి 18 నెలలు దాటితే దాదాపు ప్రతి దరఖాస్తూ పబ్లిష్ అవుతుంది. 'గ్రాంటెడ్' (పేటెంట్ మంజూరైంది) అని ఉండాలి, అదీ రెన్యువల్ ఫీజు కట్టి బతికుండాలి. కట్టినా దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లే. ఒకే ఆవిష్కరణని ఐదు దేశాల్లో వేసి ఐదని చెప్పడం మామూలే.

ఓనరు ఎవరో కూడా చూడండి. పేటెంట్ ప్రమోటరు (కంపెనీ పెట్టి నడిపించేవాడు) సొంత పేరు మీదుంటే కంపెనీకి మిగిలేది అద్దె ఇల్లే. పెద్ద కస్టమర్ ఉమ్మడి ఓనరైతే ఇంకా ఘోరం: వేరే ఒప్పందం లేకపోతే, పేటెంట్ల చట్టం సెక్షన్ 50 ప్రకారం వాళ్లు పైసా లెక్క చెప్పకుండా ఆ పేటెంట్‌ని వాడుకోవచ్చు. బ్రోచర్‌లో 'భాగస్వామ్యం' అని మెరిసేది ఒక్కోసారి ఇదే.

తర్వాత వార్షిక నివేదికలో సెగ్మెంట్ నోట్ (వ్యాపార విభాగాల వారీ వివరాలు) చూడండి. ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం కింద, ఆదాయంలో 10% అంతకుమించి ఇచ్చే కస్టమర్ నుంచి ఎంత వచ్చిందో చెప్పాలి, పేరు చెప్పక్కర్లేదు. చిన్న అన్‌లిస్టెడ్ కంపెనీలు ఈ ప్రమాణం కిందికి రాకపోవచ్చు. అప్పుడు అంకె రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. కంపెనీకి రావాల్సిన బాకీలు ఎన్నాళ్లవో చూపే పట్టికలో ఆరు నెలలు దాటినవి ఏటా పెరుగుతుంటే, పెద్ద కస్టమర్ వీళ్ల డబ్బుతో వ్యాపారం చేసుకుంటున్నాడేమో అడగండి.

కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. ఆదాయం 100, అందులో 60 ఒక్క కస్టమర్‌దే. సరుకు ఖర్చు 40, జీతాలూ అద్దెలూ 45, లాభం 15. వాడు ఆర్డరు సగానికి తగ్గిస్తే ఆదాయం 70, సరుకు 28, జీతాలూ అద్దెలూ అదే 45. నష్టం 3. పేటెంట్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఐఫోన్ గ్రాఫిక్స్ డిజైన్లిచ్చిన బ్రిటన్ కంపెనీ ఇమాజినేషన్ టెక్నాలజీస్‌కి అచ్చంగా ఇదే జరిగింది. ఆదాయంలో సుమారు సగం ఆపిల్‌దే. 15 నుంచి 24 నెలల్లో మీ టెక్నాలజీ మానేస్తామని ఆపిల్ చెప్పినట్టు 2017 ఏప్రిల్ 3న ఇమాజినేషన్ ప్రకటించగానే షేరు ఒక్కరోజులో 60% పైగా పడింది. మా పేటెంట్లు ఉల్లంఘించకుండా ఆపిల్ కొత్త డిజైన్ చేయలేదని కంపెనీ వాదించింది. వాదన సంగతెలా ఉన్నా, అదే ఏడాది కంపెనీ 550 మిలియన్ పౌండ్లకి అమ్ముడైపోయింది. 2020 జనవరిలో ఆపిల్ మళ్లీ వాళ్ల దగ్గరే లైసెన్స్ తీసుకుంది. పాత షేర్‌హోల్డర్లు వచ్చినకాడికి తీసుకుని వెళ్లిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది.