నాలుగేళ్లుగా వెళ్తున్న మైక్రోబ్రూవరీ: బీరు బాగుంటుంది, కింద కూర్చుంటే

గచ్చిబౌలి వైపు ఉన్న ఈ మైక్రోబ్రూవరీకి (బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోసే చోటు) నాలుగేళ్లుగా వెళ్తున్నాను. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. పార్కింగ్, మెనూ, రేట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది అక్కడి వీట్ బీర్ (గోధుమ బీరు) గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ బీరు ట్యాంకు నుంచి మన గ్లాసులోకి వచ్చే పైపు గురించి.

ముందు బీరు సంగతి. మొదటిసారి తాగినప్పుడు ఇందులో ఏదో ఎసెన్స్ కలిపారని గట్టిగా అనుమానపడ్డాను. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే మగ్గిన అరటిపండు వాసన, మింగాక వెనకాల కాస్త లవంగం. అడిగితే ఏమీ కలపలేదన్నారు. జర్మన్ తరహా వీట్ బీర్‌కి వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఆ వాసనలు తనే పుట్టిస్తుందట. వడగట్టరు కాబట్టి పసుపు కలిపిన గంజిలా మబ్బుగా ఉంటుంది, చూడ్డానికి అంత గొప్పగా ఏమీ ఉండదు, కానీ మే నెల ఎండలో ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మొదటి గుక్క తాగితే ఆ రోజు మీటింగులన్నీ మర్చిపోవచ్చు. అందుకే ఇన్నేళ్లు దీన్ని కనిపించిన ప్రతివాడికీ సిఫారసు చేశాను, అదీ "పైఅంతస్తులో కూర్చోండి, గాలి బాగుంటుంది, బ్యాండ్ ఎదురుగా ఉంటుంది" అని మరీ.

ఆ సలహా ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి కదా, అక్టోబర్ 2న. పండగ పూటే డ్రై డే. నల్గొండ దగ్గర ఊళ్లో ఉండే మా మామ ఈసారి మనవరాలి కోసం పండక్కి పట్నం వచ్చాడు. పండగంతా నోరు కట్టేసుకుని కూర్చున్నాడు, కాబట్టి మర్నాడు శుక్రవారం సాయంత్రం ఆయన్ని అక్కడికి తీసుకెళ్లాను. పైఅంతస్తు శుక్ర, శని, ఆదివారాలే తెరుస్తారు. మేమే ఆ రోజు పైన మొదటి టేబుల్. బ్యాండ్ వాళ్లు ఇంకా వైర్లు కలుపుకుంటున్నారు. నేను రెండు వీట్ బీర్లు చెప్పాను, అరటిపండు వాసన సంగతి మామకి ముందే ఊరించి చెప్పి ఉంచాను.

గ్లాసు వచ్చింది. మామ తాగలేదు. వాసన చూశాడు, గ్లాసు కొంచెం దూరం పెట్టి మళ్లీ చూశాడు. "గిదేందిరా అల్లుడా, నిన్నటి కల్లు పోసిండు?" అన్నాడు.

"కల్లు కాదు మామా, బీరే. కొంచెం పుల్లగా ఉంటుంది" అన్నాను. అన్నాక తాగి చూశాను. అరటిపండు ఎక్కడా లేదు. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్నలాంటి వాసన, దాని కింద పులిసిన మజ్జిగ. వెయిటర్‌ని పిలిస్తే ఆ పిల్లాడు ఏమాత్రం తడబడకుండా "సార్, వీట్ బీర్ స్టైలే అంత" అన్నాడు. నేనైతే అక్కడితో ఊరుకునేవాణ్ణేమో (నాలుగేళ్ల కస్టమర్‌ని, గొడవ పడ్డానికి మొహమాటం), మామ ఊరుకోలేదు. "ముప్పై ఏండ్ల సంది తాగుతున్న, పులుపు నాకు చెప్తున్నవా? లొట్టి కడగలే మీరు. పొయ్యి మీ పెద్దోణ్ని పిలువు" అన్నాడు. (లొట్టి అంటే కల్లు పట్టే కుండ.) పక్క టేబుల్ వాళ్లు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు, అందరూ ఇటే చూస్తున్నారు, నాకు ఒకటే టెన్షన్.

ఐదు నిమిషాలకి బ్రూవరే పైకొచ్చాడు. పాతికేళ్లుంటాయి, కాళ్లకి రబ్బరు బూట్లు. గ్లాసు తీసుకుని ఒక్క గుక్క నోట్లో తిప్పాడు, మొహం మారిపోయింది. సాకులేమీ చెప్పలేదు. నేరుగా పైన బార్ దగ్గరికెళ్లి ఆ ట్యాప్ మూయించేసి, మమ్మల్ని కిందికి రమ్మన్నాడు. ట్యాంకు పక్కనే ఉన్న చిన్న కవాటం నుంచి సగం గ్లాసు పట్టి మామ చేతిలో పెట్టాడు. మామ వాసన చూసి, తాగి, మీసం తుడుచుకుని "ఆఁ, గిది పొద్దుటి కల్లు" అన్నాడు.

జరిగింది ఇదట. పైన బార్‌కి వెళ్లే పైపు చాలా పొడుగు. రెండు వారాలకోసారి దాన్ని కాస్టిక్ ద్రావణంతో కడగాలి. బతుకమ్మ, దసరా సెలవుల్లో మనుషులు లేక ఆ కడుగుడు తప్పిపోయింది. పైగా ఆదివారం రాత్రి పైపులో మిగిలిన బీరు శుక్రవారం దాకా అందులోనే ఉండిపోయింది. కడగని పైపులో బ్యాక్టీరియా చేరితే ముందు వచ్చేది ఆ వెన్న వాసన, పులుపేనట. ట్యాంకులో బీరుకి ఏమీ కాలేదు. అంటే మామ లొట్టి కడగలేదన్నది అక్షరాలా నిజం. ఈస్ట్ ఇంకా బతికున్న సరుకు ఇది, వేడిచేసి నిల్వకి సిద్ధం చేసిన సీసా బీరు లాంటిది కాదు. కల్లు తాగేవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, నాలాంటివాడికే నాలుగేళ్లు పట్టింది.

ఆ రోజు బీర్లకి బిల్లు వేయలేదు, అది వాళ్ల మంచితనమే. కానీ నన్ను ఇప్పటికీ తొలుస్తున్నది వేరే. అంతకుముందు పైన కూర్చున్న శుక్రవారాల్లో "ఈ బ్యాచ్ కొంచెం తేడాగా ఉంది" అనుకుని తాగేసినవి ఎన్నో!

అప్పట్నుంచి కిందే కూర్చుంటున్నాను, ట్యాంకుల ఎదురుగా. బ్యాండ్ కనిపించదు, పాట మెట్ల మీదుగా దిగి వస్తుంది, మాట్లాడుకోవడానికి అదే హాయిగా ఉంది నిజానికి. వారం మధ్యలో గిటార్‌తో ఒకాయన కిందే పాడతాడు, పాత తెలుగు పాటలు అడిగితే కాదనడు. తిండిలో ఉడకబెట్టిన పల్లీల మసాలా, అపోలో ఫిష్ చాలు, పిజ్జా జోలికి పోకండి. రకానికో చిన్న గ్లాసు చొప్పున ఇచ్చే సాంప్లర్ బాగుంటుందని ఇదివరకు చెప్పాను, ఇప్పుడూ చెప్తాను, కాకపోతే ఒక్కరే తీసుకుంటే నాలుగో గ్లాసుకి వచ్చేసరికి వెచ్చబడిపోతుంది. బ్రూ చేసే రోజు కింద మాల్ట్ ఉడికే వాసన గుప్పుమంటుంది, నాకు గటక గుర్తొచ్చి ఇష్టమే, మా ఆవిడకి మాత్రం అస్సలు పడదు.

వెళ్లొచ్చా అంటే, నేను వెళ్తున్నాను. మా ఇల్లు పది నిమిషాల దూరం, నాకు వారం మధ్యలో తీరిక ఉంటుంది, బాగా లేకపోతే గ్లాసు వెనక్కి ఇచ్చే ధైర్యం మామ పుణ్యమా అని వచ్చింది. ఉప్పల్ నుంచి శనివారం ట్రాఫిక్‌లో పడి బ్యాండ్ కోసం వచ్చి పైన కూర్చునేవాళ్లకి ఇదే మాట చెప్పలేను.

కింద ట్యాప్‌ల పక్కన ఇప్పుడు పైపులు కడిగిన తేదీ రాసి చీటీ అంటిస్తున్నారు. పైన ఇంకా లేదు. అడిగితే వచ్చే వారం పెడతామన్నారు, అడిగి మూడు నెలలు దాటింది.